అమ్మమ్మ పెట్టెలో పాత చీరలు, పంచెలు, దుప్పట్లు: ఏది దేనికి పనికొస్తుంది, ఎలా కుట్టుకోవాలి

అమ్మమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టె మీ ఇంటికొచ్చిందనీ, అందులో 14 చీరలు (నాలుగు పట్టు, ఆరు నేత చీరలు, మిగతావి నైలెక్సూ పాలిస్టరూ), తాతయ్యవి మూడు పంచెలు, అరడజను దుప్పట్లు ఉన్నాయనీ, అమ్మేమో స్టీలు సామాన్లావిడకి వేసేద్దాం అంటోందనీ, నీకు మనసొప్పట్లేదనీ రాశావు. అక్కకి రెండు నెలల్లో కాన్పు, ఇంట్లో పాత కాలు మిషన్ ఉంది, వీటితో పెద్దగా ఖర్చు లేకుండా ఏం కుట్టుకోవచ్చు, పట్టుచీర కట్ చేయొచ్చా అని అడిగావు. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకమ్మా, మా అమ్మాయి వయసే నీది. నేను తెనాలి వైపు 30 ఏళ్ళుగా ఇంట్లోనే కుడుతున్నాను, జాకెట్లు లంగాలు ఎన్ని కుట్టానో పాత బట్టలతో పని కూడా దాదాపు అంతే చేశాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు ఆ కత్తెర పక్కన పెట్టు. పాత బట్టతో వచ్చే ఇబ్బందంతా ఒకటే, పైకి ఎంత బాగున్నా లోపల దానికి ఎంత బలం మిగిలిందో చూడగానే తెలియదు. కొత్త బట్టయితే ఏం కుట్టాలో మనం అనుకుని షాపుకెళ్ళి కొంటాం, పాతదానితో అలా కుదరదు, ఇది ఇంకా ఏ పని చేయగలదో దాన్నే అడిగి ఆ పని అప్పజెప్పాలి. ఈ సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మా ఆడపడుచు కూతురికి ఏడేళ్ళప్పుడు మా అత్తగారి పాత పట్టుచీరతో పరికిణీ కుట్టాను, రంగు మెరుస్తూ ఉంది, జరీ నల్లబడలేదు, అందరూ మెచ్చుకున్నారు, తీరా పెళ్ళిలో పిల్ల కింద కూర్చుని లేచేసరికి నడుం దగ్గర కుచ్చుల కింద అడ్డంగా చిట్లిపోయింది. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద బీరువాలో ఉన్న చీర అది, సరిగ్గా ఆ మడత గీత మీదే నేను నడుం పట్టీ వేశాను. పిల్ల ఏడుపు ఇప్పటికీ గుర్తే నాకు. అప్పట్నుంచి ఏ పాత బట్ట వచ్చినా ముందు పరీక్ష చేయనిదే కొలత టేపు కూడా తీయను.

పరీక్ష అంటే పెద్దదేం కాదు. పగటిపూట కిటికీ దగ్గర చీరని ఒక్క పొరగా ఎత్తి పట్టుకుని మొత్తం 5.5 మీటర్లూ జరుపుకుంటూ చూడు, పలచబడ్డచోట వెలుతురు ఎక్కువ వస్తుంది, అక్కడ సుద్దముక్కతో గీత పెట్టు. బొడ్లో దోపే చోటు, కూర్చునే చోటు, కుచ్చిళ్ళ కింద నేలకి రాసుకునే అంచు, పిన్ను పెట్టుకునే భుజం దగ్గర, సాధారణంగా ముందు పోయేవి ఇవే. తర్వాత రెండు గుప్పిళ్ళతో బట్ట పట్టుకుని బొటనవేళ్ళు రెండూ దగ్గర పెట్టి లాగు, ముందు పడుగు వైపు, అంటే చీర పొడుగునా, తర్వాత పేక వైపు, అంటే అడ్డంగా. గట్టి బట్టయితే కిమ్మనదు. చిటచిట అని సన్నగా చప్పుడొస్తే పోగులు తెగుతున్నట్టే, అలాంటి చోట కుట్టు నిలవదు. పట్టుచీరలకి మడతల మీద తప్పకుండా చూడాలి, ఎందుకంటే పట్టు మడతల దగ్గరే ముందు చిట్లుతుంది.

ఏది కాటనో ఏది కలిపిందో తెలియకపోతే అంచులోంచి నాలుగు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని సింకు మీద కాల్చి చూడు. కాటనైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది, పట్టయితే వెంట్రుక కాలిన వాసన, మిగిలిన నల్ల ఉండ వేళ్ళతో నలిపితే పొడైపోతుంది, పాలిస్టరూ నైలానూ అయితే కరిగి గట్టి పూసలా అంటుకుపోతుంది. ఇది సరదాకి చెప్పట్లేదు. ఆ కరిగే బట్టతో మసిగుడ్డ కుట్టి వేడి గిన్నె దించితే చేతికి అంటుకుంటుంది, స్టవ్ దగ్గర వాడేవీ పసిపిల్లల కిందకేసేవీ మొత్తం కాటనే ఉండాలి.

ఇక అక్క కాన్పు సంగతి, ఇదే ముందు చేయి, టైము తక్కువుంది. మనవైపు పుట్టిన బిడ్డని ముందు పాత బట్టలోనే కదా పడుకోబెడతాం, వందసార్లు ఉతికిన వాయిల్ చీర మెత్తదనం ఏ షాపులోనూ దొరకదు. ఆ ఆరు నేత చీరల్లో అమ్మమ్మ రోజూ కట్టింది, బాగా మెత్తబడిందీ, మరీ చిటచిటలాడనిదీ ఒకటి తీసుకుని బొంత కుట్టు. లెక్క చెప్తా చూడు, 5.5 మీటర్లంటే దాదాపు 216 అంగుళాలు, దాన్ని విసనకర్ర మడతలా అటూ ఇటూ 36 అంగుళాలకోసారి మడిస్తే సరిగ్గా ఆరు పొరలొస్తాయి, వెడల్పు చీర పన్నా 45 అంగుళాలు అలాగే ఉంటుంది, అంటే 36కి 45 బొంత, పసిబిడ్డకి చక్కగా సరిపోతుంది. ఒక్క చోట కూడా కత్తెర పెట్టక్కర్లేదు! కొంగు పై పొరగా వచ్చేలా మడత మొదలుపెట్టావంటే డిజైన్ కూడా అదే అయిపోతుంది. కొంగులో జరీ గానీ గరుకు బుటాలు గానీ ఉంటే మాత్రం అది అడుగుకి పోవాలి, బిడ్డ ఒంటికి తగలకూడదు. ఇంకోటి, బొంత బిడ్డ కిందకే, మీద కప్పడానికి కాదు, ఆరు పొరల బరువు పసిబిడ్డ మీద వేయొద్దు.

కుట్టే పద్ధతి: చీరని వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరబెట్టి ఇస్త్రీ చేసుకో. నేల తుడిచి చాప పరిచి దాని మీద మడత వేసుకుంటూ రా, ఒక్కో పొరా వేశాక అరచేత్తో మధ్యలోంచి అంచులకి నిమిరి ముడతలు తీసెయ్యి, నాలుగు మూలలా చిన్న రోలో స్టీలు డబ్బాలో బరువు పెట్టు. తర్వాత కచ్చా కుట్లు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా వేసే పెద్ద పెద్ద వదులు కుట్లు, మధ్యలోంచి బయటికి జానెడు దూరానికోటి, ఈ పని బద్ధకించావంటే చివర్లో ఒక మూల పొరలన్నీ పోగుపడి కూర్చుంటాయి, అప్పుడు విప్పడం తప్ప దారి లేదు. కచ్చా అయ్యాక బరువులు తీసేసి ఒళ్ళో వేసుకుని కుట్టుకోవచ్చు. కొంచెం లావు కాటన్ దారం, పెద్ద కన్నం ఉన్న సూది, దారం మూరన్నర కంటే పొడుగు తీసుకోకు చిక్కుపడుతుంది. ఒక అంచు నుంచి మొదలెట్టి అంగుళం ఎడంతో వరసలు, కుట్టు అర అంగుళం లోపు, దారం బిగించి లాగకు, లాగితే బొంత ముడుచుకుని అప్పడంలా వంకర తిరుగుతుంది. ముడులు పొరల మధ్యలోకి పోనివ్వు, బయట ఉంటే బిడ్డకి గుచ్చుకుంటాయి. రోజూ సాయంత్రం ఓ గంట కూర్చుంటే పది పన్నెండు రోజుల్లో అయిపోతుంది. మా చిన్నప్పుడు ఎండాకాలంలో బొంతలు కుట్టేవాళ్ళు వీధిలోకి వచ్చేవాళ్ళు, అరుగు మీద చీరలు పరిచి కూర్చుంటే మధ్యాహ్నానికి సగం బొంత లేచేది, వాళ్ళ చేతి వేగం నాకు ఇన్నేళ్ళైనా రాలేదు. ఇదే పనిని బెంగాల్లో కాంతా అంటారు, మరాఠీవాళ్ళు గోధడి అంటారు, కర్ణాటకలో కౌది, అందరి ఇళ్ళల్లోనూ పాత చీరే.

పెద్దవాళ్ళకి సింగిల్ మంచం బొంత కావాలంటే మూడు కాటన్ చీరలు పడతాయి. ఒక్కో చీరని 60 అంగుళాల ముక్కలు మూడు చేయి, రెండేసి ముక్కలు పన్నా పక్కన పన్నా పెట్టి కలిపితే 60కి 90 పొర ఒకటి, నాలుగు పొరలకి ఎనిమిది ముక్కలు, తొమ్మిదోది మిగులుతుంది, చీరకి 36 అంగుళాల చొప్పున చివర్లూ మిగులుతాయి, అవి దిండు గలీబులకి. కలిపే ముందు చీర అంచులో గట్టిగా నేసిన కంబీ ఉంటుంది చూడు, దాన్ని కత్తిరించెయ్యి, లేకపోతే అది ఒకలా బట్ట ఒకలా ముడుచుకుని ఉతికాక అతుకు పొడుగునా ముడతలొస్తాయి. ఆ పొరల మధ్యలోకి తాతయ్య పంచెలు వేశావంటే ఇంకా మంచిది, ఎనిమిది మూరల పంచె అంటే 144 అంగుళాలు, మెత్తగా బరువు లేకుండా ఉంటుంది. నాలుగైదు పొరలు దాటించకు, తడిస్తే ఎత్తలేవు, హైదరాబాదు ఫ్లాట్ బాల్కనీలో ఆరదు కూడా.

పంచెల్లో ఒకటి మాత్రం ముక్కలు చేయకుండా వంటింటికి ఉంచు. వడియాలు పెట్టడానికి పాత పంచెని మించింది లేదు, ఎండాక వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే వడియం దానంతటదే ఊడొస్తుంది, ప్లాస్టిక్ షీటు మీద ఆ రుచీ రాదు ఆ ఎండూ ఎండదు. ఇడ్లీ గుడ్డలూ పెరుగు వడకట్టుకునే గుడ్డలూ అందులోంచే, చుట్టూ సన్నగా మడిచి కుట్టు, పోగులు పెరుగులో పడకుండా.

ఉయ్యాల గురించి ఎవరైనా చెప్తారు, అమ్మమ్మ చీరతో ఉయ్యాల వేద్దాం అని. అలా అనుకోవడం మంచిదే కానీ బరువు మోసే పనికి పాత చీర వాడొద్దని నేను గట్టిగా చెప్తాను, చేత్తో లాగితే ఆగిందని పైన ముడి దగ్గర రోజూ రాపిడికి ఆగుతుందని కాదు. ఉయ్యాలకి కొత్త గట్టి గుడ్డ తీసుకుని లోపల పరుపుగా ఈ బొంత వెయ్యండి, అమ్మమ్మ చీరలోనే పడుకున్నట్టవుతుంది.

ఇప్పుడు పట్టుచీరలు. నాలుగూ పరీక్షకి ఆగితే కట్ చేయొద్దు, ఇది నా మాట. మూడు నెలలకోసారి మడత మార్చి తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి దాచు, నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వకు, కట్టుకో లేదా అక్కకి ఇవ్వు. మడతల మీద చిట్లినవి ఉంటే అప్పుడు కత్తెర తియ్యొచ్చు. జరీ కొనేవాళ్ళకి ఇద్దామని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఒక్క చోటే అడిగి ఇచ్చేయకండి, రెండు మూడు చోట్ల అడగండి, అసలు జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత, రాగి తీగ జరీకి ఆ ధర రాదు.

పరికిణీ కుట్టాలంటే చీర పొడుగే పరికిణీ చుట్టుకొలత అవుతుంది, చీర అంచే పరికిణీ కింది అంచు అవుతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి 28 అంగుళాల పొడుగనుకో, పైన నడుంకి రెండు కలిపి 30 కట్ చేస్తే పై భాగంలో 15 అంగుళాల పట్టీ మిగులుతుంది, మూడు మీటర్ల చుట్టు తీసుకుంటే అంత పొడుగూ మిగిలినట్టే, జాకెట్టు అందులో వచ్చేస్తుంది. చిట్లిన మడతలు ఆ మూడు మీటర్లలో రాకుండా మంచి చోటు ఎంచుకో, తప్పకపోతే ఆ గీతలు కుచ్చుల లోపలికి పోయేలా చూసుకో, నడుం మీదకి మాత్రం ఎప్పుడూ రానివ్వకు. నడుం పట్టీ కాటన్‌ది వేసి, దానికి చేతుల్లేని బాడీ తగిలించు, అప్పుడు బరువు భుజాల మీద పడుతుంది, పట్టు మీద పడదు. లోపల మొత్తం మల్లు గుడ్డ (పలచటి మెత్తటి కాటన్) లైనింగ్, కొత్తది కొంటే తప్పకుండా ఒక రాత్రి నానబెట్టి ఆరేశాకే కట్ చేయి, పాత బట్ట కుంచించుకుపోయేదంతా ఎప్పుడో అయిపోయింది, కొత్తది మొదటి ఉతుకులో కుంచించుకుంటుంది, రెండూ కలిపి కుడితే ఒకటి ఇంకోదాన్ని లాగేస్తుంది. పిల్ల పెరిగితే విప్పుకునేలా కింద అంచుకి పైన లోపలివైపు ఒక టక్కు (మడిచి కుట్టిన మడత) వేసి ఉంచు. పట్టుకి 11 నంబరు సూది, కొత్తది, గుండుసూదులు కుట్టు లోపలివైపే గుచ్చు, పట్టులో గుచ్చిన కన్నం పూడదు.

ఒంటి గుడ్డంతా పోయి అంచులు మాత్రం బాగున్న చీర ఉంటే, ముఖ్యంగా గద్వాల్ చీరల్లో ఇది చూస్తుంటాం, ఒళ్ళు కాటన్, అంచూ కొంగూ పట్టు, కాటన్ ముందు పోతుంది. అప్పుడు అంచుకి అర అంగుళం కాటన్ కలిపి కత్తిరించి, ఆ అర అంగుళం లోపలికి మడిచి మామూలు మంగళగిరి కాటన్ చీరకో డ్రెస్ కిందికో వేసుకో, అతికించినట్టు ఎవరూ పోల్చలేరు. అంచూ ఒళ్ళూ కలిసే అతుకు మీద సరిగ్గా కత్తిరించావా అంచు పోగు పోగు ఊడిపోతుంది, జాగ్రత్త.

దుప్పట్లు ఎప్పుడూ మధ్యలోనే పోతాయి, పక్కలు కొత్తవాటిలా ఉంటాయి. పొడుగునా మధ్యకి చించెయ్యి, బయట ఉన్న గట్టి అంచులు రెండూ మధ్యకి తెచ్చి చదునుగా అతుకు వెయ్యి, పలచబడ్డ వైపులు పక్కలకి పోయి పరుపు కింద దోపేస్తాం కాబట్టి ఇంకో మూడేళ్ళు వాడుకోవచ్చు. అదీ కుదరనంత పోతే గలీబులు, 18కి 27 దిండుకి 19 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడుగు ఒకే పట్టీ చాలు, లోపలికి ఆరంగుళాల మడత పోతుంది, గుండీ జిప్పు ఏమీ అక్కర్లేదు. తాతయ్య చొక్కాలు కూడా ఉంటే ఇంకా సులువు, గుండీలు పెట్టేసి ఉన్న చొక్కాని తిరగేసి దిండు కొలతకి మూడు వైపులా సరిచేసి నాలుగువైపులా కుట్టెయ్యి, గుండీలు విప్పి తిప్పితే గలీబు తయారు.

నైలెక్సూ పాలిస్టర్ చీరల్ని తక్కువగా చూడొద్దు, అవి చావవు. గుమ్మం కర్టెన్లకి ఒక చీరలో రెండొస్తాయి, 7 అడుగుల గుమ్మానికి పైనా కిందా మడతలతో 96 అంగుళాల చొప్పున. మిగిలినవి రెండంగుళాల పట్టీలుగా చింపి మూడేసి జడ అల్లి చుట్టలు చుట్టి దబ్బనంతో కుడితే గుమ్మం పట్టా, తొందరగా ఆరిపోతుంది, టైల్స్ మీద మాత్రం జారుతుంది కాబట్టి అడుగున పాత టర్కీ టవల్ ముక్క కుట్టు. కూరల సంచికి పాత దుప్పటీ గట్టి భాగం రెండు పొరలు చాలు, పట్టీలు సంచి అడుగు దాకా దింపి కుట్టు, రైతు బజారులో అయిదు కిలోల ఉల్లిపాయలు వేసినా ఊడవు.

జాకెట్ల చంకల దగ్గర చెమట తిన్న గుడ్డ, సాగిపోయిన ఎలాస్టిక్, బూజు మచ్చ లోపలికి దిగినవి, వీటి మీద టైము పెట్టకు.

మిషన్ కుట్టు తప్పుతోందన్నావు. ముందు సూది మార్చు, అంతకుముందు మెకానిక్‌ని పిలవకు. బాబిన్ కేసు తీసి పాత పళ్ళబ్రష్‌తో దూది దులిపి, కన్నాల్లో మిషన్ ఆయిల్ చుక్కలు వేసి, ఓ అరగంట చెత్త గుడ్డ మీద తొక్కు, నూనె మచ్చలన్నీ దానికే పోతాయి. పలచటి పాత బట్టకి కుట్టు కొంచెం పెద్దదే పెట్టుకో, మరీ చిన్న కుట్టు వేస్తే పోస్టల్ స్టాంపుల మధ్య చిల్లుల్లా అయి అక్కడే చిరుగుతుంది. వాయిల్ జారిపోతూ కట్ చేయడానికి రాకపోతే పలచగా బియ్యపు గంజి పెట్టి ఇస్త్రీ చేయి, కాగితంలా నిలబడుతుంది, కుట్టాక ఉతికెయ్యి, గంజితో మాత్రం పెట్టెలో దాచకు, పురుగు పడుతుంది.

మీ అమ్మగారికి ఒక మాట చెప్పు, ఆ ఆరు పొరల బొంతకి కత్తెర పెట్టలేదు కదా, బిడ్డకి రెండేళ్ళొచ్చాక వరసలు విప్పేస్తే అమ్మమ్మ చీర మళ్ళీ 5.5 మీటర్లూ చేతికొస్తుంది, కాటన్ కాబట్టి రెండు ఉతుకులకి సూది కన్నాలు కూడా పూడిపోతాయి. పట్టుచీరల్లో ఏది చిట్లిందో మడత విప్పి ఫోటో పెట్టు, చూసి ఎక్కడ కట్ చేయాలో గీత గీసి పంపిస్తాను, అప్పటిదాకా వాటి జోలికి వెళ్ళకు.